బ్రూమ్‌లీలో ఎప్పుడూ జూన్ నెలే

జనవరి 11

ఎర్లెండ్‌కి గ్లాస్గోలో ఉద్యోగం ఖాయమైంది. పద్దెనిమిదేళ్లుగా దీవుల మధ్య తిరిగే ఓడలో, ఇంజన్ గదిలో నూనె వాసన మధ్య నిలబడ్డ మనిషి వచ్చే నెల నుంచి కుర్చీలో కూర్చుని ఇంజన్ల నమూనాలు సరిచూస్తాడట. ఫోన్ పెట్టేసి వంటింట్లోనే నన్ను పైకెత్తి ఒక చుట్టు తిప్పాడు. నడుం పట్టేసింది, తనకే.

“ముందు నేను వెళ్లి మా అన్న ఇంట్లో ఉంటా. వేసవికి మీరిద్దరూ వచ్చెయ్యండి. ఊరు మాత్రం నువ్వే చూడు మెరాన్. నాకు ఏ ఊరైనా ఒకటే.”

“చూడాల్సింది ఊరు కాదు, బడి” అన్నాను.

మా అమ్మాయి సునీవాకి పదకొండు నిండాయి. ఆగస్టులో పెద్దబడిలో చేరాలి. గ్లాస్గో చుట్టుపక్కల ఊళ్లలో ప్రతి బడికీ పటం మీద ఒక గీత ఉంటుంది. మన ఇల్లు ఏ గీత లోపల పడితే ఆ బడి మనది. కాబట్టి ఇల్లు వెతకడమంటే గీత వెతకడమే.

అది బల్ల అవతల కూర్చుని మా ఇద్దరి పెదాలూ మార్చి మార్చి చూస్తోంది. నాలుగో ఏట జ్వరంలో వినికిడి పోయిన దగ్గర్నుంచీ పెదాలు చదవడంలో దాన్ని మించినవాళ్లు ఈ ఆర్క్నీ దీవుల్లో లేరు. కుడి చెవికి మిషన్ ఉంది. ఎనభై శాతం అర్థమవుతుంది. తొంభై కూడా కావచ్చు.

“గ్లాస్గో” అన్నాను దాని వైపు తిరిగి. తలూపింది.

జనవరి 16

లైబ్రరీ వ్యాను తోలుకుంటూ పడమటి తీరమంతా తిరిగాను. వార్త నాకంటే ముందే తిరిగింది. చివరి మజిలీలో ముసలి హార్కస్ పుస్తకాలు చేతికివ్వకుండా పట్టుకుని నిలబడ్డాడు.

“మమ్మల్నొదిలేసి దక్షిణానికి పోతున్నావంటగా. ఇక నాకు హత్యల పుస్తకాలెవరు తెస్తారమ్మా?”

“వ్యాను ఎక్కడికీ పోదు బాబాయ్. నేనే పోతున్నా.”

“వ్యానుకి నా రుచి తెలియదు కదా” అన్నాడు.

అందరూ ఒకే ఊరి పేరు చెబుతున్నారు. బ్రూమ్‌లీ. మా చెల్లెలి స్నేహితురాలు, బడి ఇన్‌స్పెక్టరుగారి భార్య, బ్యాంకులో అమ్మాయి. పరీక్షల పట్టికలో ఆ బడి ఏడేళ్లుగా మొదటి మూడింట్లో ఉంటోందట. ఆ గీత లోపల ఇల్లు దొరికితే సగం జీవితం కుదిరినట్టే అంటున్నారు.

జనవరి 21

కంప్యూటర్లో వీధుల ఫొటోలు చూపించే పటం ఉంది కదా, దాంట్లో బ్రూమ్‌లీకి వెళ్లాను. బాణం గుర్తు నొక్కితే అడుగు ముందుకు పడుతుంది. స్టేషన్ దగ్గర మొదలుపెట్టి కొండ మీదికి నడిచాను. రెండు వైపులా ఇసుకరాతి ఇళ్లు, వాటి ముందు మనిషెత్తు పొదల కంచెలు. ఒక ఇంటి ముందు ఎవరో పిల్ల సైకిలు పడేసి లోపలికి పోయింది. చక్రం ఇంకా తిరుగుతున్నట్టే ఉంది.

ఆ ఫొటోలు తీసింది జూన్‌లో. నా కిటికీ అవతల వడగళ్లు అద్దాన్ని కొడుతున్నాయి. మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు. అక్కడ మాత్రం చెట్ల నీడలు పొట్టిగా, నల్లగా, హాయిగా. ఫర్ అవెన్యూ మలుపులో నీలం సంచితో ఒకామె నడిచి వస్తోంది. మొహం మసకగా చెరిపేశారు. ఎవరైనా అయి ఉండొచ్చు. నేనైనా.

బడి గేటు దాకా వెళ్లాను. గేటు లోపలికి బాణం పోదు.

జనవరి 22

ఈరోజు కూడా బ్రూమ్‌లీ. చర్చి దాకా వెళ్లొచ్చాను.

జనవరి 24

ఫర్ అవెన్యూలో పదకొండో నంబరు ఇల్లు అద్దెకుందట. ముందు చెర్రీ చెట్టు. మేడ మీద కిటికీ సునీవా గదిది. అందులో తెల్ల పరదా వేశాను. వేశాను అంటే, వేస్తాను.

ఫిబ్రవరి 3

ఎర్లెండ్ వెళ్లిపోయాడు. ఇల్లు కొంచెం పెద్దదైంది.

మధ్యాహ్నం భోజనానికి మా చెల్లెలు ఇంగ్రిడ్ ఇంటికి వెళ్లాం. తొమ్మిది మందిమి. వాళ్లాయన టర్కీ కోడి తనని తరిమిన సంగతి చెబుతుంటే అందరం కడుపు పట్టుకుని నవ్వాం. సునీవా నా చెయ్యి తట్టింది.

“ఏంటమ్మా? ఏమన్నాడు?”

“ఏం లేదులే, తర్వాత చెప్తా” అన్నాను. కథ మధ్యలో ఉంది కదా.

ఇంటికొచ్చాక చెప్పడం మర్చిపోయాను. చెప్పినా అంత నవ్వు రాదు.

పడుకోబోయే ముందు అడిగింది, “కొత్త ఊళ్లో నాలాంటివాళ్లు ఉంటారా?” అని.

“అందరూ నీలాంటివాళ్లే. బాగా చదువుకునే పిల్లలు.”

నేను మాట్లాడటం అయిపోయాక కూడా అది కాసేపు నా పెదాల వైపే చూసింది. ఇంకా ఏదో మాట వస్తుందన్నట్టు. తర్వాత దుప్పటి లాక్కుంది.

ఫిబ్రవరి 8

ఎర్లెండ్ ఫోన్. ఆఫీసులో ఎవరో చెప్పారట, కార్ట్‌బ్యాంక్ అని ఇంకో ఊరుందట. అక్కడి పెద్దబడిలో వినపడని పిల్లలు ఇరవై మంది దాకా ఉన్నారట. టీచర్లకి సైగల భాష వచ్చట.

“బడి ఎలాంటిది?” అన్నాను.

“చెప్తున్నాగా...”

“పట్టికలో ఎక్కడుందని.”

“కింద ఉంది. చాలా కిందేం కాదు. ఒకసారి చూస్తే పోయేదేముంది మెరాన్?”

“దాన్ని వేరే గదిలో కూర్చోబెడతారు. అక్కడ చెవిటి పిల్ల అంటారు. ఇక్కడ ఏడేళ్లుగా మామూలు పిల్లలతో చదువుతోంది. ఎవరైనా తేడా కనిపెట్టారా? చెప్పు.”

“ఎవరూ కనిపెట్టలేదు. అదే నాకు భయంగా ఉంది” అన్నాడు.

ఆయనకి తెలియదు. ఓడ మీద ఉండేవాడు. దాని పక్కన ఉన్నది నేను.

ఫిబ్రవరి 9

ఎనభై శాతం అని డాక్టరే రాసిచ్చాడు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్కరే ఎదురుగా కూర్చుని మాట్లాడితే.

ఫిబ్రవరి 26

నిన్న స్ట్రామ్‌నెస్‌లో ఓడెక్కి, అవతలి ఒడ్డున రైలెక్కాం. రోజంతా ప్రయాణం. కిటికీలో మంచు కొండలు, జింకలు, మళ్లీ మంచు. సునీవా చెవి మిషన్ తీసి జేబులో వేసుకుని నుదురు అద్దానికి ఆనించి కూర్చుంది. రైలు చప్పుడు దానికి చర్మం మీద తెలుస్తుందట. నేను కళ్లు మూసుకుంటే ఫర్ అవెన్యూ కనిపించింది. నీలం సంచి ఆమె ఈసారి ఆగి, దారి ఇచ్చింది.

ఈరోజు నిజం బ్రూమ్‌లీ. వాన. చెట్లకి ఆకుల్లేవు. అయినా దారి ఎవర్నీ అడగకుండా స్టేషన్ నుంచి బడి దాకా నడిచాను. ఎర్లెండ్ ఆశ్చర్యపోయాడు.

“ఇంతకుముందు వచ్చావా ఏంటి?”

“కుడివైపు పోస్టాఫీసు వస్తుంది చూడు” అన్నాను. వచ్చింది.

బడి అందంగా ఉంది. చెక్క పలకల మీద బంగారు అక్షరాల్లో పాత విద్యార్థుల పేర్లు. ఉప ప్రధానోపాధ్యాయురాలు చాలా మర్యాదస్తురాలు. ఆమె ముందు నడుస్తూ, గోడల మీది చిత్రాలు చూపిస్తూ, అన్నీ వివరించింది. ఆమె వీపు వెనక సునీవా, దాని వెనక మేం. సునీవా మొహం నిండా నవ్వు. ప్రతి మాటకీ తలూపుతోంది.

“నీకు ఏ సబ్జెక్టు ఇష్టం?” అని ఆమె ముందుకు నడుస్తూనే అడిగింది.

సునీవా నవ్వి తలూపింది.

“సైన్సండీ” అన్నాను నేను.

“చాలా నెమ్మదస్తురాలు మీ అమ్మాయి. మాకు అలాంటి పిల్లలంటే ఇష్టం.”

బాగా జరిగింది. పదకొండో నంబరు ఇంట్లో చెర్రీ చెట్టు నిజంగానే ఉంది.

బాగానే జరిగింది.

ఫిబ్రవరి 27

కార్ట్‌బ్యాంక్ వెళ్లాం. ఎర్లెండ్ ముందే మాట తీసుకున్నాడు కాబట్టి వెళ్లాం.

స్టేషన్ బయట పందేల షాపు, వేపుడు చేపల కొట్టు, మూతపడ్డ సినిమాహాలు. బడి చూస్తే పాత గిడ్డంగిలా ఉంది. బూడిదరంగు సిమెంటు గోడలు, ఒక అద్దం పగిలితే అట్ట పెట్టారు. గేటు దగ్గర కాపలాదారు సునీవాని చూసి నాలుక బయటపెట్టాడు. అది కూడా పెట్టింది. నాకు నచ్చలేదు.

వినపడని పిల్లల విభాగాన్ని చూసే ఆయన పేరు రెన్నీ. ఆయనకీ వినపడదు. చేతులతో మాట్లాడతాడు. పక్కన బెయిర్డ్ అనే పెద్దావిడ కూర్చుని ఆయన చేతుల్ని గొంతుతో పలుకుతుంది. మొదట ఎవరి వైపు చూడాలో తెలియలేదు నాకు. కలలో ఒక మనిషి పెదాలు కదిలితే ఇంకో మనిషి గొంతు వినిపిస్తుందే, అలా ఉంది.

ఆయన మా ఇద్దర్నీ పలకరించి, కుర్చీ సునీవా వైపు తిప్పుకున్నాడు.

“ఈ బడి నుంచి నీకేం కావాలి?” అంది బెయిర్డ్ గొంతు.

సునీవా నా వైపు చూసింది. “దానికి సైన్సంటే...” అని మొదలుపెట్టాను.

ఆయన చెయ్యి మెల్లగా పైకి లేచింది. “క్షమించండి. నేను తనని అడిగాను.”

అప్పుడు నా కూతురు రెండు చేతులూ బల్ల మీదికి తెచ్చింది. తడబడుతూ, ఒక వేలు సరిచేసుకుంటూ, ఏదో గీసింది గాలిలో.

“నాకు” అంది బెయిర్డ్, కాసేపు ఆగి, “స్నేహితులు కావాలి.”

నా కూతురి మాట ఎవరో పరాయి ఆవిడ నోటి నుంచి విన్నాను.

“ఎక్కడ నేర్చుకున్నావే?” అని అడిగాను దాని భుజం పట్టుకుని. కంప్యూటర్లో వీడియోలు చూసి, ఏడాది నుంచీ నేర్చుకుంటోందట. అద్దం ముందు చేతులు తిప్పుతుంటే ఏదో డాన్సనుకున్నాను.

ఇంతలో తలుపు తోసుకుని ఒక పిల్ల వచ్చింది. నల్లటి జడ, మెడలో వదులుగా టై, రెండు చెవులకీ ఎర్ర మిషన్లు. రావడం రావడమే చేతులు గాలిలో ఈదించేసింది. బెయిర్డ్ మొహంలో చలనం లేకుండా పలికింది:

“నేను అనీసా. మొదటి ఏడాది. ఎవరో గొర్రెల దీవి పిల్ల వచ్చిందన్నారు, నువ్వేనా? మీ ఊళ్లో కరెంటుందా? ఆకలేస్తోంది, రా.”

అరవై ఏళ్ల ఆవిడ అంత గంభీరంగా ఆకలేస్తోంది అంటుంటే ఎర్లెండ్ నవ్వాపుకోలేకపోయాడు. సునీవా లేచి ఆ పిల్ల వెంట వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు.

తర్వాత భోజనశాల అద్దం తలుపు అవతల నిలబడ్డాను. మూడు వందల మంది పిల్లల గోల. పక్కనున్న ఎర్లెండ్ ఏమంటున్నాడో నాకే వినిపించలేదు. మూలబల్ల దగ్గర మాత్రం ఎవరూ గొంతు పెంచడం లేదు. ఏడెనిమిది జతల చేతులు నీళ్లలో చేపపిల్లల్లా మెరుస్తూ, విడిపోతూ, కలుస్తూ. మధ్యలో సునీవా. దానికీ అన్నీ అందడం లేదు, తెలుస్తోంది. అందనప్పుడు అనీసా మోచేతిని పట్టుకుని ఆపేస్తోంది. అనీసా కళ్లు తిప్పి, విసుక్కుని, మళ్లీ చెబుతోంది. మూడోసారికి సునీవా తల వెనక్కి వాల్చి నవ్వింది. ఆ నవ్వు అంత గోలలోనూ అద్దం దాటి వచ్చింది. గాడిద ఓండ్రపెట్టినట్టు ఉంది. ఏడేళ్లలో నేనెప్పుడూ విననిది.

బయటికొచ్చాక అడిగాను, “ఏమంది ఆ పిల్ల? ఎందుకంత నవ్వావు?”

సునీవా ఇంకా వెనక్కే చూస్తూ, “ఏం లేదులే, తర్వాత చెప్తా” అంది.

మార్చి 2

ఇంటికి చేరాం. ప్రయాణం బడలిక.

బాగా ఆలోచించాను. ఒక్క మధ్యాహ్నం నవ్విందని జీవితం నిర్ణయించకూడదు. స్నేహితులు ఎక్కడైనా దొరుకుతారు. మంచి చదువు ఎక్కడైనా దొరకదు. పదకొండో నంబరు ఇంటికి దరఖాస్తు పంపాను.

“దాన్నడిగావా?” అన్నాడు ఎర్లెండ్ ఫోన్లో.

“పదకొండేళ్ల పిల్లని ఏమడుగుతాం? దాని మేలు కోసమే కదా.”

“నేనేం అనను. అన్నా వినవు. ఒక్కటి చెప్పు, ఈ ఊరు దాని కోసమా, నీ కోసమా?”

ఫోన్ పెట్టేశాను. సిగ్నల్ సరిగ్గా లేదు.

మార్చి 5

దరఖాస్తు సంగతి సునీవాకి చెప్పాను. దాని ఎదురుగా కూర్చుని, వెలుగు నా మొహం మీద పడేట్టు, అన్ని మాటలూ విడివిడిగా. బంగారు అక్షరాల సంగతి, సైన్సు ప్రయోగశాల సంగతి, చెర్రీ చెట్టు సంగతి.

సగంలో కళ్లు మూసుకుంది.

తలుపు వేసుకోవడమంటే దానికి అదే. వేసుకున్నాక బయటి నుంచి ఎంత అరిచినా ఏముంది. నేను కాసేపు మాట్లాడుతూనే ఉన్నాను.

మార్చి 6

కళ్లు తెరిచే ఉంది. కానీ నా మొహం వైపు చూడదు. టోస్టు వైపు చూస్తుంది.

మార్చి 7

అంతే.

మార్చి 9

ఇది రాయకూడదనుకున్నాను.

అప్పుడు మేం ఉత్తరాన చిన్న దీవిలో ఉండేవాళ్లం. దానికి జ్వరం మొదలైన రోజు ఎర్లెండ్ ఓడ మీద ఉన్నాడు. పొద్దున పాలు తాగలేదు. పళ్లు వస్తున్నాయేమో అనుకున్నాను. నాలుగేళ్ల పిల్లకి పళ్లేమిటి? అలాగే అనుకున్నాను. సాయంత్రానికి మెడ వంచలేకపోయింది. నర్సు చూసి విమానం పిలిచింది. గాలి. విమానం ఆ రోజు దిగలేదు. మర్నాడు మధ్యాహ్నానికి దిగింది.

పొద్దున్నే పిలిచి ఉంటే దిగేది; అప్పటికి గాలి ఇంకా మొదలవలేదు.

ఆ సంగతి ఎవరూ అనలేదు. డాక్టర్లు అనలేదు, ఎర్లెండ్ అనలేదు. ఆ రోజు నుంచీ దాని పక్కన నేను. ఎవరేమన్నా తిరిగి చెప్పేది నేను, అది అనాల్సింది అనేది నేను. అది మామూలుగా ఉంటే ఏమీ జరగనట్టే.

బ్రూమ్‌లీలో ఏమీ జరగలేదు. అక్కడ ఎప్పుడూ జూన్ నెలే.

మార్చి 10

శనివారం. బడి లేదు. సునీవాని ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక వ్యానులో తీసుకెళ్లాను. వెనక పుస్తకాల మధ్య కూర్చుంది.

స్కైల్ తీరం దగ్గర సముద్రపు మంచు కమ్ముకుంది. దారి కనపడక వ్యాను ఆపేశాను. క్షణాల్లో సముద్రం పోయింది, రోడ్డు పోయింది, కంచె పోయింది. తెల్లటి దూదిలో పెట్టి మూత వేసినట్టు. ఇంజన్ కట్టేస్తే నాకూ ఏమీ వినిపించలేదు. అలలు కూడా. ఎంత బాగుందో. మనుషులు పుట్టకముందు ఇలాగే ఉండేదేమో అనిపించింది.

వెనక్కి వెళ్లి దాని ఎదురుగా కింద కూర్చున్నాను. పైన చిన్న దీపం వేశాను.

“ఒకటి అడుగుతా. నిజం చెప్పు.”

ఐదు రోజుల తర్వాత నా మొహం వైపు చూసింది.

“నీకెంత అర్థమవుతుంది? ఎవరైనా మాట్లాడుతుంటే.”

“నువ్వు మాట్లాడితే అంతా.”

“మిగతావాళ్లు?”

“నీ మొహం చూస్తా. నువ్వు నవ్వితే నవ్వుతా. నువ్వు అయ్యో అన్నట్టు పెడితే నేనూ పెడతా.”

“నేను లేనిచోట? బడిలో?”

అది పుస్తకాల అట్టల మీద వేలు గీస్తూ ఆలోచించింది. బాధపడుతూ కాదు. సరిగ్గా చెప్పాలని.

“బడిలో ముందే నవ్వుతా. ముందే నవ్వితే ఎవరూ ఏమీ అడగరు.”

“బ్రూమ్‌లీ బడిలో? ఆ రోజు? ఆమె అంత చెప్పింది కదా...”

“ఆమె జడ బాగుంది” అంది సునీవా. “వెనక నుంచి.”

నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు కాదు. అది నా దగ్గరకి జరిగి చేత్తో నా బుగ్గలు తుడిచింది. “ఏడవకు. ఏడిస్తే నీ మాటలు చదవలేను” అంది.

అప్పుడు చెప్పాను. జ్వరం రోజు. పొద్దున, పాలు, గాలి. పళ్లనుకున్న సంగతి. ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది చెప్పాను, ఒక్కో మాటా విడివిడిగా, అది చదవగలిగేట్టు. చివరిదాకా కళ్లు మూసుకోలేదు.

“నాకు అదేం గుర్తులేదు. విమానం గుర్తుంది. పైలట్ నాకు బిస్కెట్టిచ్చాడు” అంది. “అమ్మా, నేను చెవిటిదాన్నే. అనీసా కూడా. వాళ్లు దాన్ని ఏడుపు మొహంతో చెప్పరు. పేరు చెప్పినట్టు చెప్తారు” అంది.

మంచు విడిపోయేసరికి గంట పట్టింది. హార్కస్‌కి పుస్తకాలు ఆలస్యమయ్యాయి. సణిగాడు.

మార్చి 12

బ్రూమ్‌లీ ఇళ్ల ఏజెంటుకి ఫోన్ చేసి పదకొండో నంబరు వద్దన్నాను.

“వద్దా? అమ్మా, ఆ వీధి కోసం జనం మూడేళ్లు కాచుక్కూర్చుంటారు. మీకేమైనా అయిందా?”

“మా అమ్మాయి కార్ట్‌బ్యాంక్‌లో చదవాలంటోందండీ.”

“కార్ట్‌బ్యాంకా” అంది, ఎవరో పోయారని చెప్పినట్టు.

ఎర్లెండ్‌కి చెప్పాను. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. గ్లాస్గోలో జలుబులు ఎక్కువట.

మార్చి 13

మధ్యాహ్నం పటం తెరిచి చివరిసారి ఫర్ అవెన్యూ ఎక్కాను. ఎండ, పొట్టి నీడలు, నీలం సంచి. పదకొండో నంబరు ముందు ఆగాను. మేడ మీద కిటికీలో పరదా లేదు. ఎవరో వచ్చి వేసుకుంటారు. ఆ ఇంటికి ఏ దోషమూ లేదు, ఆ బడికీ లేదు. ఇంకెవరి పిల్లో అక్కడ హాయిగా చదువుకుంటుంది. వెనక్కి తిరిగి స్టేషన్ దాకా నడిచి, పటం మూసేశాను.

మే 19

కార్ట్‌బ్యాంక్‌లో గీత లోపల ఇల్లు దొరికింది. రొట్టెల కొట్టు మీద మొదటి అంతస్తు. రెండే పడకగదులు. కింది నుంచి వేడి వస్తుందట, వాసన వస్తుందట. ఎలుకలూ వస్తాయా అని అడిగితే కొట్టాయన “మీ ఇష్టమమ్మా, పిలిస్తే వస్తాయి” అన్నాడని ఎర్లెండ్ చెప్పాడు.

జూన్ 30

ఓడ వెనక భాగంలో నిలబడ్డాం. ఇంగ్రిడ్ రేవులో నిలబడి ఏదో అరుస్తోంది. గాలికి నాకు వినిపించలేదు. సునీవా కళ్లు చికిలించి చూసింది.

“పిన్ని ఏమంటోంది?”

“ఇస్త్రీపెట్టె మర్చిపోయావంటోంది” అంది.

జులై 24

రెన్నీ గారు తల్లిదండ్రులకి వారానికి రెండు సాయంత్రాలు సైగల భాష నేర్పుతున్నారు. పన్నెండు మందిమి. అందరికంటే మొద్దుని నేనే. నా చేతులు స్టీరింగు పట్టుకుని గట్టిపడ్డాయి. ఈరోజు “మా అమ్మాయికి పదకొండేళ్లు” అనబోయి “మా అమ్మాయిలు పదకొండు మంది” అన్నానట. ఆయన కన్నీళ్లొచ్చేలా నవ్వి, లేచి వంగి నమస్కారం పెట్టారు.

ఇంట్లో సునీవాతో సాధన చేస్తాను. దానికి ఓపిక తక్కువ. నా వేళ్లు పట్టుకుని విరిచినట్టు సరిచేస్తుంది.

ఆగస్టు 16

పెద్దబడి మొదటిరోజు. గేటు దగ్గర నుంచి నన్ను వెళ్లిపొమ్మంది. మలుపు దాకా వెళ్లి నిలబడ్డాను. కాపలాదారు నన్ను చూసి నాలుక బయటపెట్టాడు.

ఆగస్టు 20

లెక్కల్లో ఇంటిపని రెండు పేజీలు ఇచ్చారు. తప్పులన్నీ ఎర్ర సిరాతో దిద్ది పంపారు. ఆ టీచరు మహా కఠినమైనవాడట. ఎంత హాయిగా తిడుతోందో ఆయన్ని.

ఆగస్టు 31

శుక్రవారం. అనీసా, ఇంకో ఇద్దరు పిల్లలు భోజనానికి వచ్చారు. ఫైజల్ అని ఒకడు, వినపడుతుంది కానీ వాళ్లమ్మానాన్నలకి వినపడదు, రెండు భాషలూ దంచేస్తాడు. ఇంకో అమ్మాయి పేరు ఇంకా పట్టుకోలేకపోయాను, వేళ్లతో చాలా వేగంగా చెబుతుంది.

కూరగాయల సూపు, కింది కొట్టు నుంచి వేడి రొట్టె పెట్టాను. కిటికీలోంచి సాయంత్రపు ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది. నలుగురి చేతుల నీడలూ గోడ మీద, గిన్నెల మీద, నా మీద. నేను పొయ్యి దగ్గర నిలబడి చూస్తున్నాను. నాకేమీ తెలియడం లేదు. ఒకరి మాట ఇంకొకరు లాక్కుంటున్నారు, బల్ల చరుస్తున్నారు, నవ్వుతున్నారు. ఎవరూ నా వైపు చూడలేదు. వెళ్లిపోతే బాగుంటుందేమో అనుకున్నాను కానీ కాళ్లు కదల్లేదు. నిద్రలో ఈదుతున్నట్టుగా ఉంది, భయం లేదు.

అంతలో ఆ చేపపిల్లల గుంపులోంచి ఒకటి నా దగ్గరకి వచ్చినట్టు, ఒక వాక్యం వచ్చింది. సునీవా చేతులవి. మొదటి మాట తెలిసింది: అమ్మ. రెండోది సూపు. ఆ తర్వాత వేళ్లు నలిపి చల్లినట్టు ఒకటి, పోయిన మంగళవారమే నేర్చుకున్నాను. చివర లేదు, ఎప్పుడూ.

మా అమ్మ సూపులో ఉప్పుండదు, ఎప్పుడూ.

ఎవరూ నాకు చెప్పలేదు. ఎవరూ నా కోసం నెమ్మదిగా అనలేదు. వాళ్లలో వాళ్లు, నా వెనక, నా మీద చెప్పుకున్నదాన్ని నేను విన్నాను.

అలమరలోంచి ఉప్పు డబ్బా తీసి, వెళ్లి, దాని గిన్నె పక్కన పెట్టాను.

బల్ల చుట్టూ ఎనిమిది చేతులు గాలిలో ఎక్కడివక్కడ ఆగిపోయాయి.